ఇయ్యాల ఎవలాడుతున్నరు?

2010 మార్చి 12న ఐపీఎల్ మూడో సీజన్ మొదలైంది. అంతకు పది నెలల ముందు దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచిన హైదరాబాద్ జట్టు దక్కన్ ఛార్జర్స్ ఆ రాత్రి కోల్‌కతా నైట్‌రైడర్స్‌తో తలపడింది. మ్యాచ్ జరిగింది నవీ ముంబయిలో. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్నందువల్ల ఆ ఏడాది ఉప్పల్ స్టేడియానికి ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. ఛాంపియన్లు తమ సొంత మ్యాచ్‌లను నవీ ముంబయి, నాగ్‌పూర్, కటక్‌లలో ఆడుకోవాల్సి వచ్చింది.

బొగ్గు ఊరు గోదావరిఖనికి ఉద్యమమూ సొంతమే, జట్టూ సొంతమే. పొద్దున గని దగ్గర గేట్ మీటింగులో జై తెలంగాణ అన్న మనిషే సాయంత్రం చౌరస్తాలో చాయ్ తాగుతూ పక్కవాణ్ని అడిగేవాడు: “ఇయ్యాల ఎవలాడుతున్నరే?” సైమండ్స్ ఉన్నాడా, గిబ్స్‌ను కూర్చోబెట్టారా, ప్రజ్ఞాన్ ఓఝా ఎన్నో ఓవర్‌కు వస్తాడు, ఇవీ ముచ్చట్లు. రామగుండం స్టేషన్‌లో రైలెక్కితే ఒక దిక్కు కాజీపేట మీదుగా హైదరాబాద్, ఇంకో దిక్కు బల్లార్షా మీదుగా నాగ్‌పూర్. జట్టు ఊరు మారినా బొగ్గు ఊళ్లవాళ్లకు రైలు పట్టాలు మాత్రం మారలేదు.

సీజన్ నడుమ జట్టులో ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అన్న వార్తను ఇంత పట్టుదలగా వెంటాడే ఊళ్లు మన దగ్గర తక్కువ. దానికి కారణం బొగ్గు బాయి పని వేళల్లోనే ఉంది. ఫస్ట్ షిఫ్ట్ పొద్దున ఏడింటికి, సెకండ్ షిఫ్ట్ మధ్యాహ్నం మూడింటికి, నైట్ షిఫ్ట్ రాత్రి పదకొండింటికి. సెకండ్ షిఫ్ట్‌వాళ్లు బాయిలోకి దిగేసరికి టాస్‌కు ఇంకా గంటల వ్యవధి ఉంటుంది. పైకొచ్చి, క్యాప్ ల్యాంప్ అప్పగించి, ఒళ్లు కడుక్కునేసరికి చివరి ఓవర్లు మిగిలితే మిగులుతాయి, లేకపోతే లేదు. భూగర్భ గనిలోకి సెల్‌ఫోన్ తీసుకుపోనివ్వరు. బీడీ, అగ్గిపెట్టెతో పాటు అదీ నిషిద్ధమే. కాబట్టి ఆ ఎనిమిది గంటలూ వాళ్లకు మ్యాచ్ లేదు. దిగేముందు చెవిన పడిన జట్టు సమాచారం ఒక్కటే వెంట ఉంటుంది. ఎవరి మోకాలు బాగాలేదు, ఎవరు దేశం తరఫున ఆడటానికి వెళ్లిపోయారు, ఎవరి చోటు కదిలేట్టుంది. దాన్ని బట్టి ఒకరు పదకొండు పేర్లు పేరుస్తారు, ఇంకొకరు అందులో ముగ్గుర్ని తీసేస్తారు. గని లోపలికి మనుషుల్ని మోసుకెళ్లే మ్యాన్‌రైడింగ్ ఎక్కేచోట మొదలైన వాదన పని జాగ చేరేదాకా నడుస్తుంది. టీవీ ముందు కూర్చునేవాళ్లకు తుది జట్టు ప్రకటన రెండు నిమిషాల వ్యవహారం. సెకండ్ షిఫ్ట్ మనిషికి ఆ రాత్రి దొరికే ఆట అంతా అందులోనే ఉంది.

ఈ అలవాటు ఐపీఎల్‌తో పుట్టింది అనుకుంటే పొరపాటు. బొగ్గు ఊళ్లకు జట్టు జాబితా చదవడం నేర్పింది బాయి మీద నోటీసు బోర్డు.

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఆనవాళ్లు పట్టుకున్నారు. 1886లో ఇంగ్లండ్‌లో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబర్ 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. గోదావరిఖని ఆ తర్వాత చాలాకాలానికి పుట్టిన ఊరు. 1960ల మొదట్లో గోదావరి ఒడ్డున గనులు తెరుచుకున్నాక జీడీకే అంకెలతో పిలిచే ఆ గనుల చుట్టూ ఇండ్లు లేచాయి. ఎయిట్ ఇంక్లైన్ కాలనీకి గని నంబరే పేరైంది. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల పల్లెల నుంచి పనికొచ్చినవాళ్లు తమ వెంట కబడ్డీని తెచ్చుకున్నారు. వాలీబాల్, ఫుట్‌బాల్, క్రికెట్ కాలనీ మైదానాల్లో కలిశాయి.

డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ అన్న పొడి అక్షరాలతోనే సింగరేణిలో అందరికీ తెలిసిన క్రీడా సంఘం ఈ ఆటలన్నిటినీ ఒక వరసలో పెట్టింది. ముందు గనుల మధ్య పోటీలు, ఆ తర్వాత ఏరియా జట్టు, ఏరియాల మధ్య పోటీలు, అందులోంచి కంపెనీ జట్టు. ఆ జట్టు కోల్ ఇండియా అనుబంధ కంపెనీల జట్లతో ఆడటానికి ధన్‌బాద్ వైపో నాగ్‌పూర్ వైపో పోతుంది. గోదావరిఖని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, కొత్తగూడెం ప్రకాశం స్టేడియం ఈ పోటీలకు పాత చిరునామాలు. ఎంపికైనవాళ్ల పేర్లు బోర్డు మీద పడతాయి. పేరు పక్కన కోల్ ఫిల్లర్, ట్రామర్, జనరల్ మజ్దూర్, ఫిట్టర్, క్లర్క్ అని హోదా ఉంటుంది. రెండు రోజులకు ఆ జాబితాలో ఒక పేరు కొట్టేసి పక్కన ఇంకో పేరు రాసి కనిపిస్తుంది. చీలమండ బెణికిందా, షిఫ్టు దొరకలేదా, పక్క ఏరియాకు బదిలీ అయిందా, ఉత్పత్తి లక్ష్యం దగ్గరపడిందని మేనేజరు రిలీవ్ చేయలేదా? ప్రతి కొట్టివేత వెనుక ఒక కథ. అది హాజరు వేసే మస్టర్ దగ్గర నిలబడ్డ ప్రతివాడికీ తెలియాలి. తెలిసేదాకా వదిలేవాళ్లు కారు.

ఇలాంటి ఏర్పాటును బాగా పెంచి పోషించిన దేశం జపాన్. అక్కడ కంపెనీల బేస్‌బాల్ జట్లు నగరాల పేరు మీద తలపడే తోషి తాయికో అనే టోర్నీ 1927 నుంచి నడుస్తోంది. 1950లో అందులో ఒక నియమం తెచ్చారు. ప్రాంతీయ పోటీల్లో ఓడిపోయిన కంపెనీల జట్లలోంచి మంచి ఆటగాళ్లను గెలిచిన జట్టు ఆ టోర్నీ వరకు తీసుకోవచ్చు. నిన్న మనల్ని ఓడించినవాడి పక్కన ఇవాళ మనవాడు నిలబడతాడు. మన ఏరియా జట్టు కూర్పులో కూడా జరిగేది దాదాపు అదే. ఫైనల్లో ఓడిన గని రైడర్ వారం తిరిగేసరికి గెలిచిన గని వాళ్లతో కలిసి ఏరియా బనియన్ వేసుకుంటాడు. జపాన్‌లో పత్రికలు ఆ అరువు ఆటగాళ్ల గురించి ప్రత్యేకంగా రాస్తాయి. మన దగ్గర ఆ పేరు బోర్డు దాటి బయటికి రావడం అరుదు. ఈ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను.

బోర్డు మీది పేర్లు మనవాళ్లవి. పత్రికలోని పేర్లు హైదరాబాద్‌వి. అవి రేడియో మీద, రైల్లో వచ్చే పేపర్ మీద ఆధారపడి ఇక్కడికి చేరేవి. హైదరాబాద్ ఆటల చరిత్రలో మొదటి పెద్ద జట్టు ఫుట్‌బాల్‌ది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయనే కోచ్‌గా భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. తర్వాతి ఏడాది జూన్ 11న ఆయన కన్నుమూశారు. అప్పటికే హైదరాబాద్ ఆటగాళ్లకు కలకత్తా క్లబ్బుల పిలుపులు మొదలయ్యాయి. తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ అదే దారి పట్టారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ మన హైదరాబాదీ. ఆ మ్యాచ్ 2-2తో ముగిసింది. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లోనే వెళ్లిపోయారు. వాళ్లు ఆడిన రోజుల్లో ఆటల పేజీల్లో హైదరాబాద్ గురించి తరచూ కనిపించిన వార్త ఒక్కటే: ఫలానావాడు కలకత్తాకు పోయాడు. జట్టు కన్నా జట్టును వదిలిపోయేవాళ్లే ఎక్కువ గుర్తుండిపోయే చరిత్ర అలా మొదలైంది. అది ఇప్పటికీ ఆగలేదు.

క్రికెట్‌లో హైదరాబాద్ రంజీ జట్టు ఉంది. తెలంగాణ జిల్లాలన్నిటికీ అదే జట్టు. ఆంధ్ర జట్టు 1953-54లో వేరుగా రంజీలో అడుగుపెట్టింది. 1937-38లో నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో గెలిచి హైదరాబాద్ తొలిసారి రంజీ ట్రోఫీ అందుకుంది. రెండోసారి అందుకోవడానికి 1986-87 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సీజన్‌లో అబ్దుల్ అజీం తమిళనాడు మీద 303 నాటౌట్ కొట్టాడు. ఎం.వి.నరసింహారావు కెప్టెన్సీలో ఢిల్లీని వాళ్ల సొంత కోట్లా మైదానంలో ఓడించి కప్పు తెచ్చారు. ఫైనల్లో విజయ్ మోహన్‌రాజ్ డబుల్ సెంచరీ, మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం నిర్ణయించిన గెలుపు. రంజీ అభిమానికి సీజన్ నడుమ ఉండే దిగులు వేరు. అజారుద్దీన్ ఇండియా జట్టుతో ఉన్నప్పుడు నాలుగో నంబర్‌లో ఎవరు? శివలాల్ లేనప్పుడు స్పిన్ ఎవరు వేస్తారు? మంచివాణ్ని తయారు చేసుకుంటే దేశం తీసుకుపోతుంది. సంతోషమే, కానీ శుక్రవారం మొదలయ్యే మ్యాచ్‌కు మనిషి కావాలి కదా. ఆ రోజుల్లో ఆ జవాబు తెల్లవారి పేపర్లో చివర నాలుగు పంక్తుల్లో ఉండేది. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టాక మెయిన్ పేపర్లో హైదరాబాద్ జట్టు, జిల్లా పేపర్లో ఏరియా జట్టు, రెండూ ఒకే చేతిలో కనిపించే అవకాశం వచ్చింది.

2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ వచ్చి రాయుడుతో సహా పలువురు హైదరాబాద్ ఆటగాళ్లను పట్టుకుపోయింది. బీసీసీఐ వాళ్లను వెలివేసింది. మరుసటి ఏడాది వేలంపాటతో ఐపీఎల్ దిగింది.

దక్కన్ ఛార్జర్స్ మొదటి సీజన్ గుర్తున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. వీవీఎస్ లక్ష్మణ్ కెప్టెన్. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిది, కాగితం మీద అందరికన్నా గట్టి జట్టు. 14 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచింది, చిట్టచివరన నిలిచింది. సీజన్ మధ్యలో లక్ష్మణ్ గాయపడటంతో పగ్గాలు గిల్‌క్రిస్ట్‌కు వెళ్లాయి. ఏడాది తిరిగేసరికి ఆ గిల్‌క్రిస్టే సెంచూరియన్‌లో ఢిల్లీ మీద 35 బంతుల్లో 85 కొట్టి జట్టును ఫైనల్‌కు చేర్చాడు. 2009 మే 24న జోహాన్నెస్‌బర్గ్‌లో బెంగళూరు మీద 6 పరుగుల గెలుపు. గిల్‌క్రిస్ట్ ఆ రోజు సున్నాకే వెనుదిరిగితే గిబ్స్ 53 నాటౌట్‌తో నిలబెట్టాడు. ఆర్పీ సింగ్ 23 వికెట్లతో ఆ సీజన్ పర్పుల్ క్యాప్ అందుకున్నాడు. ఆ జట్టులో తిరుమలశెట్టి సుమన్, వేణుగోపాలరావు, ఓఝా ఉన్నారు. బొగ్గు ఊళ్లలో గిల్‌క్రిస్ట్ కన్నా ఎక్కువ ఆరా సుమన్ గురించి ఉండేదని నా నమ్మకం. గిల్‌క్రిస్ట్ ఎలాగూ ఆడతాడు. సుమన్‌కు చోటు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మనవాడు పదకొండుమందిలో ఉన్నాడా అని చూడటంలో ఉన్న ఆత్రం మరే వార్తలోనూ ఉండదు.

ఆ తర్వాత వచ్చిందే 2010. ఇంటి మైదానం లేకుండానే జట్టు సెమీస్ దాకా వెళ్లి చెన్నై చేతిలో ఓడింది. 2011 వేలంలో గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, రోహిత్ శర్మ ముంబయికి వెళ్లిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులు సుమారు ఐదు వారాలు బాయిలోకి దిగలేదు. రాష్ట్రమంతా కరెంటు కోతలు పడ్డాయి. ఆ సమ్మె రోజుల్లో జట్టు ముచ్చట్లు ఎవరికీ పట్టలేదు, పట్టకూడదు కూడా. మరుసటి సెప్టెంబర్లో బీసీసీఐ దక్కన్ ఛార్జర్స్‌ను రద్దు చేసింది. 2012 అక్టోబర్‌లో సన్ టీవీ నెట్‌వర్క్ హైదరాబాద్ జట్టును ఏడాదికి 85.05 కోట్లకు దక్కించుకుని సన్‌రైజర్స్‌గా మార్చింది.

జట్టు పేరు, చొక్కా, యజమాని మారినా ఒక్క లక్షణం మాత్రం మారలేదు. సీజన్ నడుమ కెప్టెన్లను మార్చడం హైదరాబాద్‌కు మొదటి నుంచీ ఉంది. 2008లో లక్ష్మణ్ స్థానంలో గిల్‌క్రిస్ట్. 2012లో సంగక్కర తప్పుకుంటే కామెరాన్ వైట్. 2013లో సన్‌రైజర్స్ పేరుతో ఆడినప్పుడూ అదే సంగక్కర, అదే వైట్. 2014లో ధావన్ చివరి మ్యాచ్‌లకు డారెన్ సామీకి అప్పగించాడు. 2021 మే 1న డేవిడ్ వార్నర్‌ను తప్పించి విలియమ్సన్‌ను పెట్టారు. 2016లో 848 పరుగులు చేసి, మే 29న బెంగళూరు మీద 8 పరుగులతో కప్పు తెచ్చిన కెప్టెన్ వార్నర్. ఆయనకు మర్నాడు తుది జట్టులోనే చోటు దక్కలేదు. బాయిలో పై హోదా మనిషి నాగా అయితే కింది మనిషికి యాక్టింగ్ ఇస్తారు. ఆ రోజుకు బాధ్యతంతా అతనిదే, జాగా మాత్రం ఇంకొకరిది. కామెరాన్ వైట్ పరిస్థితి ఏమిటో అలా యాక్టింగ్ చేసిన ప్రతి కార్మికుడికీ ఒంటికి తెలుసు. వార్నర్ విషయంలో మాత్రం నా అభిప్రాయం దాచుకోను. ఆటగాడిగా ఫామ్ పోవచ్చు, కెప్టెన్సీ తీసేయొచ్చు. కప్పు తెచ్చిన మనిషిని అలా డగౌట్‌లో కూర్చోబెట్టిన తీరు మర్యాద కాదు.

మనవాళ్లు జారిపోవడమూ ఆగలేదు. ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను 2017 వేలంలో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొన్నప్పుడు తెలంగాణ అంతా పొంగిపోయింది. ఏడాదికే అతను బెంగళూరుకు వెళ్లిపోయాడు. ఓఝా అప్పటికే ముంబయి పాలయ్యాడు. తిలక్ వర్మ పేరు వినగానే గుర్తొచ్చేదీ ముంబయే.

కబడ్డీ దగ్గరికి వస్తే బొగ్గు ఊళ్ల లెక్క వేరుగా ఉంటుంది. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్ వెన్నుకు ఏమైందో పేపర్ చెబితేనే తెలుస్తుంది. రైడర్ మోకాలు ఎందుకు పోయిందో ఖనిలో నలభై దాటిన ఎవరైనా చెప్పగలరు, తామూ మట్టి కోర్టులో పడి లేచినవాళ్లే కాబట్టి. ప్రో కబడ్డీ లీగ్ 2014 జులై 26న మొదలైంది. అప్పటికి తెలంగాణ ఏర్పడి రెండు నెలలు కూడా కాలేదు. రెండు రాష్ట్రాలకూ కలిపి ఒక్కటే జట్టు, పేరు తెలుగు టైటాన్స్. విభజన వేడి ఇంకా చల్లారని రోజుల్లో కూడా రాహుల్ చౌదరి కూతకు వెళ్తుంటే ఎటువైపు వాళ్లయినా టీవీ కట్టేసింది లేదు.

టైటాన్స్‌ను వెంటాడటం సులువేమీ కాదు. 2021-22లో బెంగళూరులో కరోనా జాగ్రత్తల మధ్య జరిగిన ఎనిమిదో సీజన్‌లో సిద్ధార్థ్ దేశాయ్ మొదట్లోనే గాయపడ్డాడు. 22 మ్యాచ్‌లలో టైటాన్స్ గెలిచింది ఒక్కటి. తొమ్మిదో సీజన్‌లో 2. పదో సీజన్‌లో 2.605 కోట్లు పెట్టి పవన్ సెహ్రావత్‌ను తెచ్చినా మళ్లీ 2. మూడు సీజన్లలో ఐదు గెలుపులు! ఇలాంటి జట్టుకు అభిమానిగా మిగిలేవాణ్ని గెలుపు పట్టి ఉంచదు. రేపు ఎవరు వస్తారు, ఎవరు కోలుకుంటారు అన్న ఆశే పట్టి ఉంచుతుంది. పదకొండో సీజన్‌లో పవన్ మోకాలు దెబ్బతింటే విజయ్ మలిక్ నాయకత్వం అందుకున్నాడు. పన్నెండో సీజన్‌లో అతనే పూర్తిస్థాయి కెప్టెన్, జట్టు ప్లేఆఫ్స్ చేరి ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో ఆగింది. సీజన్ నడుమ యాక్టింగ్‌గా వచ్చినవాడు నిలదొక్కుకుని జట్టును లేపడం ఈ ప్రాంతపు మనుషులకు ఎంత నచ్చుతుందో వేరే చెప్పాలా!

ఫుట్‌బాల్ అంత దయ చూపలేదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీలతో గెలిచి ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది. రహీం నగరానికి మళ్లీ కప్పు. రెండేళ్లు తిరగకముందే, 2023-24 సీజన్ మధ్యలో, జీతాల బకాయిల గొడవతో పేరున్న ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. కుర్రాళ్లతో సీజన్ లాక్కొచ్చి అట్టడుగున నిలిచారు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. జీతం అందకపోతే మనిషి పని ఎందుకు ఆపుతాడో గోదావరిఖనికి ఎవరూ బోధించనక్కర్లేదు. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం 1999లో మూతబడటం, టౌన్‌షిప్ బోసిపోవడం కళ్లారా చూసిన ఊరిది.

బొగ్గు ఊళ్లు గాయాల వార్తను చదివే తీరు గురించి ఒక మాట చెప్పాలి. ఇక్కడ ఒకే పేపర్లో ఒక పేజీలో ఆటగాడి గాయం, ఇంకో పేజీలో బాయిలో పైకప్పు కూలి గాయపడ్డ కార్మికుడి వార్త ఉంటాయి. 2003 జూన్ 16న జీడీకే 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ పేర్ల జాబితా చదివిన కళ్లు మరే జాబితానూ తేలిగ్గా చదవవు. ఆటగాడి మోకాలు గురించి ఇక్కడ వెటకారం తక్కువ వినిపిస్తుంది. ఒళ్లే పెట్టుబడి అయిన మనిషి ఇంకో అలాంటి మనిషి గురించి మాట్లాడుతున్నాడు.

బేస్‌బాల్‌కూ బొగ్గుకూ ఉన్న బంధం కూడా ఇలాంటిదే. అమెరికాలో పెన్సిల్వేనియా బొగ్గు ఊరు షామోకిన్‌లో స్టాన్ కోవెలెస్కీ 12 ఏళ్లకే గనిలో పనికి చేరాడు. పని దిగాక డబ్బాలను గురిచూసి రాళ్లు విసిరి చేయి తిప్పుకున్నాడు. 1920లో అతను పిచర్‌గా ఉన్న క్లీవ్‌లాండ్ జట్టులో ఘోరం జరిగింది. సీజన్ నడుమ ఆగస్టులో బంతి తలకు తగిలి షార్ట్‌స్టాప్ రే చాప్‌మన్ చనిపోయాడు. అంత దుఃఖంలో ఆ స్థానానికి చిన్న లీగ్ నుంచి జో సూవెల్ అనే కొత్త కుర్రాణ్ని తెచ్చారు. జట్టు నిలబడింది. అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ గెలిచింది. అందులో కోవెలెస్కీ ఒక్కడే మూడు మ్యాచ్‌లు గెలిపించాడు. సింగరేణి కంపెనీ పేరు పెట్టుకున్నది ఆ తర్వాత రెండు నెలలకే. జపాన్‌లో మిత్సుయి మీకే గనిలో 1963 నవంబర్ 9న పేలుడు జరిగి 458 మంది చనిపోయారు. రెండేళ్లు కాకముందే, 1965 వేసవిలో, ఆ బొగ్గు ఊరి మీకే సాంకేతిక పాఠశాల జట్టు మొదటిసారి పాల్గొన్న జాతీయ హైస్కూల్ బేస్‌బాల్ టోర్నీనే గెలిచి వచ్చింది. ఆ పిల్లల పేర్లు దేశమంతా చదివింది.

మన బొగ్గు ఊళ్ల పిల్లల పేర్లు ఎవరు చదువుతున్నారు? గొంగడి త్రిష భద్రాచలం అమ్మాయి. మణుగూరు గనులకు మరీ దూరమేమీ కాదు. 2025 జనవరి 28న స్కాట్లాండ్ మీద 110 నాటౌట్ కొట్టి, అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ చరిత్రలోనే మొదటి సెంచరీ తన పేర రాసుకుంది. ఆ టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. అయితే ఆమె ఆట పదును తేలడానికి కుటుంబం చిన్నప్పుడే సికింద్రాబాద్‌కు తరలాల్సి వచ్చింది. ఊరు వదలకుండా అక్కడిదాకా వెళ్లే దారి గోదావరిఖనిలో గానీ, బెల్లంపల్లిలో గానీ, కొత్తగూడెంలో గానీ ఎంత ఉందో ఆటల్లో పిల్లలున్న ప్రతి తల్లిదండ్రికీ తెలుసు.

1990 ప్రాంతంలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టూ ఉంది. భూగర్భ గనులు మూతపడి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఒకప్పుడు ఒక్కో గనికి ఒక జట్టు కట్టడం తేలిక. ఇప్పుడు రెండు మూడు గనులు కలిస్తే తప్ప పన్నెండుమంది దొరకని పరిస్థితి. ఆ మధ్య కారుణ్య నియామకాల్లో చేరిన కుర్రాళ్ల వల్ల మైదానాలకు కొంత ఊపిరి వచ్చింది. ఇది జారిపోనివ్వకూడదు.

అందుకే ముగ్గురికి మూడు విన్నపాలు. సింగరేణి యాజమాన్యం ఏరియా జట్ల జాబితాలను, మధ్యలో జరిగే మార్పులను, వాటి కారణాలను గని బోర్డుతో ఆపకుండా పత్రికలకు పంపాలి. పాత జాబితాలు ఏ ఆఫీసు బీరువాలో ఉన్నా దుమ్ము దులిపి భద్రపరచాలి. హైదరాబాద్ క్రికెట్ సంఘం, కబడ్డీ సంఘం తమ ఎంపిక పోటీల్లో కొన్నింటిని ఏటా గోదావరిఖనిలో, మంచిర్యాలలో, కొత్తగూడెంలో పెట్టాలి. జిల్లా పేజీలు చూసే మిత్రులు సన్‌రైజర్స్ ఆటగాడి తొడ కండరానికి ఇచ్చే చోటులో పదోవంతు రామగుండం ఏరియా రైడర్ మోకాలికి ఇవ్వండి. చదివేవాళ్లు ఉన్నారు. సెకండ్ షిఫ్ట్‌కు బయల్దేరేముందు చదువుతారు.